మాన్‌గఢ్ గుట్ట మీద ధుని: గోవింద్ గురు జీవితం



ఈ సంచికలో ఎవరి జీవితం రాయాలన్న మాట వచ్చినప్పుడు మా మధ్య కొంత వాదన జరిగింది. సేవాలాల్ మహరాజ్ గురించి ప్రతి ఏడూ రాస్తున్నాం. కొమరం భీమ్ గురించి ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అప్పుడు మాలో చిన్నవాడొకడు ఒక సంగతి అడిగాడు. జలియన్‌వాలాబాగ్ కాల్పుల తేదీ బడిపిల్లలందరికీ వచ్చు, దానికి ఆరేళ్ల ముందే ఒక గుట్ట మీద అంతకంటే ఎక్కువ మంది గిరిజనులు తుపాకులకు బలయ్యారంటారు, ఆ తేదీ మనలో ఎంతమందికి తెలుసు అని. మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ తేదీ 1913 నవంబరు 17. ఆ గుట్ట పేరు మాన్‌గఢ్. అక్కడికి జనాన్ని పిలిచిన మనిషి బంజారా ఇంట పుట్టినవాడు. ఆయన కథ మనకు తెలియకపోవడం మాకే సిగ్గు అనిపించింది. అందుకే ఈసారి గోవింద్ గురు.

ఆయన 1858లో రాజపుతానాలోని డూంగర్‌పూర్ సంస్థానంలో బాంసియా అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరిని వేడ్సా అని కూడా అంటారు. అసలు పేరు గోవింద్. ఆ కాలంలో బంజారా ఇంట పుట్టడం అంటే ఏమిటో మన తాతలను అడిగితే కొంత తెలుస్తుంది. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగిన లదేణి బతుకు మనది. మొగల్ సైన్యాలకూ, తరువాత కుంపిణీ సైన్యాలకూ తిండి మోసింది మన ఎడ్లే. రైలు పట్టాలు పడి, రోడ్లు పడి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసేసరికి ఆ బతుకు తెగిపోయింది. గోవింద్‌కు పదమూడేళ్లున్నప్పుడు, 1871లో, తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తిరిగే జాతి అయితే చాలు, దొంగజాతి అన్న ముద్ర పడింది. తరువాతి కాలంలో మద్రాసు రాజధానిలో మన సుగాలీలకూ ఆ ముద్ర వేశారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఈ ముద్ర సంగతి గుర్తుంచుకోండి, కథలో మళ్లీ అవసరం వస్తుంది.

డూంగర్‌పూర్, బాంస్వాడా, సూంథ్. ఈ మూడూ పక్కపక్కనే ఉన్న చిన్న సంస్థానాలు. సూంథ్‌ను ఇప్పుడు సంత్‌రాంపూర్ అంటారు. మొదటి రెండూ ఇప్పుడు రాజస్థాన్‌లో, సూంథ్ గుజరాత్‌లో ఉన్నాయి. రాజులు రాజపుత్రులు, పైన అజమాయిషీ ఇంగ్లీషు పొలిటికల్ ఏజెంటుది. గుట్టల్లో ఉండే జనం ఎక్కువగా భిల్లులు. బంజారాల ఇళ్లు అక్కడక్కడా ఉండేవి. గోవింద్ చిన్నప్పటినుంచీ భిల్లుల మధ్యే పెరిగాడు, వాళ్ల మాటే మాట్లాడాడు, వాళ్ల కష్టమే చూశాడు. పెద్ద చదువు లేదు. గుడి దగ్గర సాధువుల వెంట కూర్చుని భజనలు నేర్చుకున్నాడు. ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి ప్రభావం ఆయన మీద ఉందని కొన్ని పుస్తకాలు రాస్తాయి. ఉండవచ్చు. కానీ మా ఉద్దేశంలో ఆయన్ని మలిచిన గురువు వేరే. అది కరువు.

విక్రమ శకం 1956లో వచ్చింది కాబట్టి ఆ కరువును అక్కడి జనం ఛప్పనియా అంటారు. మన లెక్కలో అది 1899–1900. వాన పడలేదు. ముందు పశువులు పోయాయి. తరువాత గింజలు అయిపోయాయి. అడవిలో దుంపలూ ఆకులూ చెట్ల బెరడూ తిన్నారు. ఆకలికి తట్టుకున్నవాళ్లను కలరా తీసుకుపోయింది. ధాన్యం అసలు లేదని కాదు, బజారులో ఉంది. కొనడానికి భిల్లు చేతిలో పైసా లేదు, షావుకారు అప్పు ఇవ్వడు, సంస్థానం గంజి కేంద్రాలు ఆలస్యంగా తెరిచింది, తెరిచినవి చాలలేదు. 1901 జనాభా లెక్కలు తీసినప్పుడు ఆ సంస్థానాల్లో జనం ఘోరంగా తగ్గిపోయి కనబడ్డారు. గుట్టల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. గోవింద్ భార్యా పిల్లలూ కూడా ఆ రోజుల్లోనే పోయారని చెబుతారు.

తుపాకీతో చంపితే దాన్ని హత్యాకాండ అంటాం. ఇలా ధాన్యం ఉండీ జనం చచ్చిపోతే కరువు అంటాం, దేవుడి మీదికి తోసేస్తాం. మాన్‌గఢ్ కథను చాలామంది 1913లో మొదలుపెడతారు. మేము కరువు దగ్గరే మొదలుపెట్టాలనుకున్నాం. ఎందుకంటే ఆ గుట్ట ఎక్కిన జనంలో ముప్పై దాటిన ప్రతివాడూ ఛప్పనియా చూసినవాడే. తన ఇంట్లో ఎవరినో ఒకరిని తన చేత్తో మట్టి చేసినవాడే.

కరువు తరువాత గోవింద్ ఊరు విడిచాడు. ఒక గోసాయి సాధువు దగ్గర దీక్ష తీసుకుని గోవింద్‌గిరి అయ్యాడు. అయినా కాషాయం కట్టి తీర్థాలు తిరగలేదు. సూంథ్ సంస్థానంలో ఒక ఊళ్లో హాలీగా పనిచేశాడు. హాలీ అంటే మన దగ్గర జీతగాడు. అప్పు కింద ఏళ్ల తరబడి దొర పొలంలో అరక దున్నే మనిషి. పగలంతా దున్ని రాత్రి భిల్లుల పాల్‌లో, అంటే వాళ్ల గూడెంలో, నిప్పు రాజేసి కూర్చునేవాడు. ఆ నిప్పే ధుని. భజన మొదలయ్యేది. జనం చేరేవారు.

ఆయన చెప్పిన సంగతులు వింటే మన తండా పెద్దలకు కొత్తగా అనిపించవు. సారా మానండి. దొంగతనం చేయకండి. మాంసం వదలండి. పొద్దున్నే స్నానం చేయండి. రోజూ ధునిలో నెయ్యి, కొబ్బరి వేసి దండం పెట్టండి. తగాదా వస్తే కోర్టుకూ ఠాణాకూ పోకండి, మీలో మీరే పంచాయతీ పెట్టి తీర్చుకోండి. పిల్లలకు నాలుగు అక్షరాలు నేర్పండి. వెట్టి చేయకండి. ఇంటి ముందు నిశాన్, అంటే జెండా, ఎగరేయండి. మన భోగ్‌లో నిప్పు మీద నెయ్యీ బెల్లమూ వేసి మొక్కే పద్ధతినీ, సేవాలాల్ పేరున ఎగరేసే జెండానూ చూసిన వాళ్లకు ఆ ధునీ ఆ నిశానూ ఎక్కడినుంచి వచ్చాయో ఒక ఊహ వస్తుంది. ఇది మా ఊహే, పందెం కట్టం. ఆయన వెంట నడిచినవాళ్లను భగత్‌లు అన్నారు. వాళ్ల సంఘం పేరు సంప్ సభ. వాగ్డీ, గుజరాతీ మాటల్లో సంప్ అంటే ఐకమత్యం. అది 1883లో మొదలైందని కొందరు, 1905లో అని కొందరు రాస్తారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. భగత్ పద్ధతిలో అంతా మంచే జరిగిందని మేము అనం. మాంసం తినేవాడు తక్కువ, తిననివాడు ఎక్కువ అనే భావం పై కులాలదే. అది భిల్లుల్లోకి వచ్చాక, భగత్ అయినవాడు భగత్ కాని అన్నతో కలిసి తినని రోజులు కూడా వచ్చాయి. తాతలనాటి దేవుళ్లను వదలమంటే బాధపడినవాళ్లు ఉన్నారు. ఇది మన తండాల్లోనూ చూస్తున్నాం. అయినా ఒక తేడా ఉంది. సారా మానమని దొర చెబితే అది తిట్టు. తనతో పాటు అరక దున్నిన మనిషి చెబితే జనం మానేశారు. వందలు కాదు, వేలమంది.

మానేస్తే సంస్థానాలకు సంతోషం కావాలి కదా? దొంగలు, తాగుబోతులు అని రోజూ తిట్టేది వాళ్లే. ఇప్పుడు వాళ్లే దొంగతనం మాని, తాగుడు మాని, పొద్దున్నే స్నానం చేసి భజన చేస్తున్నారు. కానీ సంతోషం కాలేదు. భయం వేసింది.

ఆ భయం లెక్క చూడండి. సంస్థానం ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆధారం. అంతకుముందు భిల్లులు ఇప్పపువ్వు ఏరి ఇంట్లోనే సారా కాచుకునేవారు. దాన్ని నేరం చేసి, కాంట్రాక్టు దుకాణంలోనే కొనాలన్నారు. జనం తాగడమే మానేసేసరికి దుకాణాలు ఈగలు తోలుకున్నాయి, కాంట్రాక్టర్లు దర్బారుకు పరుగెత్తారు. రెండోది వెట్టి. ఠాకూర్ల ఇళ్లకు కట్టెలు, గడ్డి, అధికారి వస్తే సామాను మోత, రోడ్డు పని, అన్నీ ఉచితంగా జరిగేవి. భగత్‌లు కూలీ అడగడం మొదలుపెట్టారు. మూడోది పంచాయతీ. తగాదా ధుని దగ్గరే తీరిపోతే జరిమానాలు రావు, ముడుపులు రావు, అన్నిటికన్నా ముఖ్యంగా దొర అవసరమే లేకుండా పోతుంది. అడవి మీదా భూమి మీదా కొత్త హద్దులు, కొత్త శిస్తులు వేస్తున్న కాలం అది. జనం ఒక్కటై నిలబడితే ఆ హద్దులు నిలవవు.

పటేల్ పట్వారీల కాలంలో వెట్టి చేసిన తాతలు మనకూ ఉన్నారు కాబట్టి ఇదంతా విడమరిచి చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఒకటే. హత్యాకాండలు ఉన్నట్టుండి కోపంతో జరగవు. ముందు ఖాతా పుస్తకంలో నష్టం కనబడుతుంది. తరువాత ఆ జనం మీద ఒక పేరు పడుతుంది. దొంగజాతి అన్న పాత ముద్ర చేతిలో ఉండనే ఉంది, దానికి తిరుగుబాటుదారులు అన్న కొత్త ముద్ర జోడించారు. తుపాకులు వచ్చేది ఆ తరువాత.

ముందు చిన్న చిన్న దెబ్బలు పడ్డాయి. భగత్‌ల ధునులను అధికారులు పాడు చేశారు, నిశాన్లు పీకేశారు, కొన్ని చోట్ల భగత్‌ల నోట్లో బలవంతంగా సారా పోశారు. 1910 నాటికి గోవింద్ గురు మనుషులు వెట్టి, శిస్తు, వేధింపుల మీద 33 కోరికలతో ఒక పత్రం ఇచ్చారని చెబుతారు. జవాబు రాలేదు. 1913లో డూంగర్‌పూర్ సంస్థానం ఆయన్ని నిర్బంధించి, ఉన్న కాస్త ఆస్తి లాక్కుని, మా సరిహద్దు దాటి పొమ్మంది. ఈడర్ సంస్థానానికి పోతే అక్కడా నిలవనివ్వలేదు. అక్టోబరులో ఆయన మాన్‌గఢ్ చేరాడు.

ఆ చోటు ఊరికే ఎంచుకున్నది కాదు. బాంస్వాడాకూ సూంథ్‌కూ సరిగ్గా సరిహద్దు మీద, దట్టమైన అడవిలో ఉన్న గుట్ట అది. ఒకవైపు సంస్థానం రాజపుతానా ఏజెన్సీ కింద, మరోవైపు సంస్థానం రేవాకాంఠా ఏజెన్సీ కింద ఉండేవి. ఏ ఒక్క ఠాణా వాళ్లూ ఒంటరిగా వచ్చి పట్టుకుపోలేరు. గురువు గుట్ట మీద పెద్ద ధుని వెలిగించి అన్ని పాల్‌లకూ కబురు పెట్టాడు. భిల్లులు రావడం మొదలైంది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నెత్తిన నెయ్యి కుండలూ చేతిలో కొబ్బరికాయలూ పట్టుకుని వచ్చారు. కొందరు విల్లంబులు, కత్తులు తెచ్చుకున్నారు. కొద్దిమంది దగ్గర నాటు తుపాకులు కూడా ఉన్నాయి. వేలమంది చేరారు. కొందరు లక్ష దాటిందంటారు. అంత లెక్క మేము నమ్మి రాయలేం, కానీ గుట్ట నిండింది.

ఇక పుకార్లు లేచాయి. భిల్లు రాజ్యం వస్తుందని, పాత రోజుల్లో ఈ నేల భిల్లు నాయకులదే కదా అని, గురువు దయ వల్ల గుండ్లు నీళ్లవుతాయని. ఆయన నిజంగా రాజ్యం కోరాడా? చరిత్రకారుల్లో రెండు వాదాలూ ఉన్నాయి. మాకు తోచేది ఇది: మతం పాటించుకోనివ్వండి, వెట్టి వద్దు, మా ధునుల జోలికి రాకండి అన్నంత వరకే మొదట ఉంది. ప్రతి దారీ మూసుకుపోయిన కొద్దీ, దర్బారు లేని రాజ్యం ఎలా ఉంటుందో జనం కలగన్నారు. ఆకలితో పిల్లల్ని పోగొట్టుకున్నవాడు అంత మాత్రం కల కనడం తప్పని మేము అనం.

తప్పులు అటువైపు జరగలేదని కాదు. గురువుకు కుడిభుజం లాంటివాడు పూంజా ధీర్‌జీ. అతనూ కొందరు భగత్‌లూ కలిసి సూంథ్ సంస్థానపు ఠాణా ఒకదాని మీద దాడి చేశారు. ఒక పోలీసు ప్రాణం పోయింది. ఆ చనిపోయినవాడూ జీతం కోసం పనిచేసినవాడే. సంస్థానాలు ఎదురుచూస్తున్న సాకు దొరికింది. రాజులు తిరుగుబాటు వచ్చిందని ఇంగ్లీషువాళ్లకు వరసగా కబుర్లు పంపారు. గుట్ట దిగిపొమ్మని అధికారులు గడువు పెట్టారు. రెండు వైపులా మాటలు కొన్ని రోజులు నడిచాయి. గురువు తన కష్టాలు చెప్పుకున్నాడు. జనం దిగలేదు. దిగితే ఎక్కడికి దిగాలి? కింద ఉన్నది ఏ సంస్థానమో వాళ్లకు తెలుసు కదా.

నవంబరు 17 తెల్లవారేసరికి సైన్యం గుట్టను చుట్టుముట్టింది. ఇంగ్లీషు ప్రభుత్వపు పటాలాలు, సంస్థానాల సిపాయిలు, వాళ్లతో పాటు మేవాడ్ భిల్ కోర్. ఈ చివరిది చదివినప్పుడు మేము కాసేపు ఆగిపోయాం. భిల్లులను భిల్లులతోనే అదుపులో పెట్టడానికి 1841లో ఖేర్‌వాడాలో పెట్టిన పటాలం అది. యూనిఫాం వేసుకున్న భిల్లు కింద, నెయ్యి కుండ పట్టుకున్న భిల్లు పైన. కరువులో ఇద్దరి ఇళ్లల్లోనూ చావులే. ఒకడికి నెల జీతం దొరికింది, ఇంకొకడికి ధుని దొరికింది.

మరతుపాకులను కంచరగాడిదల మీద ఎక్కించి గుట్ట మీదికి చేర్చారు. కాల్పులు మొదలయ్యాయి. విల్లంబులు చేరలేనంత దూరం నుంచి పేల్చే ఆయుధం అది. ఎవరిని చంపుతున్నామో ముఖం చూడనక్కరలేదు. భజన చేస్తున్నవాళ్లు, పరుగెత్తినవాళ్లు, పిల్లల మీద పడి అడ్డుకున్నవాళ్లు కూలిపోయారు. గుట్ట అంచుల నుంచి తోపులాటలో లోయలో పడి చనిపోయినవాళ్లు ఉన్నారు. చనిపోయిన తల్లి రొమ్మును ఒక పసిబిడ్డ ఇంకా చీకుతూ ఉండడం చూసి ఒక ఇంగ్లీషు అధికారి కాల్పులు ఆపమన్నాడని అక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఏ కాగితంలో ఉందో లేదో మేము వెతకలేదు. జనం నాలుగు తరాలుగా దాచుకున్న మాట కాబట్టి ఇక్కడ రాశాం. సుమారు 900 మందిని కట్టేసి తీసుకుపోయారు. వాళ్లలో గోవింద్ గురు, పూంజా ఉన్నారు.

ఎంతమంది చనిపోయారు? జనం మాటలో 1,500 పైమాట. గుజరాత్ వైపు ఆ గుట్ట మీద వేసిన గోవింద్ గురు స్మృతివనంలో 1,507 మంది అమరుల పేరున చెట్లు నాటారు. సర్కారు కాగితాల్లో సంఖ్య చాలా చిన్నది. ఈ తేడా మనకు కొత్త కాదు. నిర్మల్‌లో 1860లో రాంజీ గోండుతో పాటు వెయ్యిమందిని ఒకే మర్రికి ఉరి తీశారని మన పెద్దలు చెబుతారు, ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అని పేరు. ఆ వెయ్యిమందిలో మనకు తెలిసిన పేరు ఒక్కటే. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న జరిగిన కాల్పుల్లో సర్కారు లెక్క 13, హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. స్వాతంత్ర్యం వచ్చాక జరిగినదే అలా ఉంటే, 1913లో అడవి మధ్య శవాలను లెక్కపెట్టింది ఎవరు?

జలియన్‌వాలాబాగ్‌తో పోలిక మొదట్లో తెచ్చాం కాబట్టి ఒక మాట. అమృత్‌సర్ పట్టణం. అక్కడ పత్రికలున్నాయి, వకీళ్లున్నారు, కాంగ్రెస్ ఉంది. చచ్చినవాళ్ల పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. సర్కారు కూడా ఒక కమిటీ వేసి 379 అని ఒప్పుకోక తప్పలేదు. మాన్‌గఢ్‌లో రాసుకునేవాడు లేడు. అక్షరం రాని జనం చచ్చిపోతే చావు కూడా నోటిమాటగానే మిగులుతుంది. పిల్లలకు నాలుగు అక్షరాలు నేర్పండని గురువు ఎందుకన్నాడో మాకు ఇక్కడ అర్థమైంది. చనిపోయినవాళ్లలో తొంభై తొమ్మిది పాళ్లు పేరు లేకుండా పోయారు. వాళ్లలో ఎవరి బిడ్డలు ఎవరి ఇంట పెరిగారో, ఎవరి భూమి ఎవరి పట్టాలోకి పోయిందో, ఏ భార్య ఎన్నాళ్లు గుట్ట వైపు చూస్తూ కూర్చుందో ఏ రికార్డూ చెప్పదు.

విచారణ జరిగింది. చంపినవాళ్ల మీద కాదు, బతికినవాళ్ల మీద. పూంజాను అండమాన్‌కు పంపారు. గోవింద్ గురుకు పడిన యావజ్జీవ శిక్షను తరువాత తగ్గించారు. జైలులో నడవడి బాగుందని 1919లో వదిలారు. అప్పటికి ఆయనకు అరవై దాటింది. కానీ తన జనం ఉన్న సంస్థానాల్లో అడుగు పెట్టకూడదన్నారు. పుట్టిన ఊరికి పోరాదు, మాన్‌గఢ్ ఎక్కరాదు. ఆయన పంచమహల్ జిల్లా వైపు వచ్చి, చివరికి లీమ్‌డీ దగ్గర కంబోయీలో ఉన్నాడు. ఇప్పుడది దాహోద్ జిల్లా. పన్నెండేళ్లు అలా బతికాడు. ఆ ఏళ్ల గురించి పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. మేము మాత్రం ఆయన్ని ఎక్కువగా తలచుకునేది ఆ ఏళ్లలోనే. తను పిలిస్తే వచ్చిన జనం అంతమంది చచ్చిపోయారు, తను బతికి ఉన్నాడు. సాయంత్రం ధుని ముందు కూర్చున్నప్పుడు ఆయనకు ఏం కనబడేదో. గుండ్లు నీళ్లవుతాయన్న పుకారును ఆయన లేపాడో లేదో కానీ, గట్టిగా ఖండించి జనాన్ని దింపి ఉంటే అన్న ఆలోచన రాకుండా ఉంటుందా? మేము ఆయన్ని దేవుడిని చేయదలచుకోలేదు కాబట్టి ఈ ప్రశ్న రాస్తున్నాం. తుపాకీ పేల్చినవాడి పాపం మాత్రం ఆయన మీద వేయం.

ఆయన కంబోయీ చేరిన రోజుల్లోనే, మాన్‌గఢ్ జరిగి తొమ్మిదేళ్లు కాకముందే, ఈడర్ సంస్థానంలో పాల్, దఢవావ్ ఊళ్ల దగ్గర 1922 మార్చి 7న మళ్లీ కాల్పులు జరిగాయి. మోతీలాల్ తేజావత్ నడిపిన ఏకీ ఉద్యమం అది. అవే కష్టాలు, శిస్తు, వెట్టి. అదే మేవాడ్ భిల్ కోర్. అక్కడా వెయ్యి దాటి చనిపోయారని జనం అంటారు. మాన్‌గఢ్‌కు ఎవరూ జవాబు చెప్పనక్కరలేకపోయింది కాబట్టి రెండోది మరింత తేలికైంది.

గోవింద్ గురు 1931 అక్టోబరు 30న కన్నుమూశాడు. సమాధి కంబోయీలోనే ఉంది.

ఆయన బంజారా, ఆయన వెనక నడిచినవాళ్లు భిల్లులు. ఈ సంగతి మేము కావాలనే ఇంతదాకా నొక్కి చెప్పలేదు. మన దగ్గర తెగకూ తెగకూ మధ్య ఉద్యోగాల దగ్గర, రిజర్వేషన్ దగ్గర, భూమి దగ్గర మాటలు పెరిగి, ఒకరి పండుగకు ఒకరు పోని పరిస్థితి కొన్ని మండలాల్లో వచ్చింది. ఎవరి న్యాయం ఎంతో ఈ వ్యాసంలో తేల్చే ఉద్దేశం మాకు లేదు. కానీ ఆ గుట్ట మీద చనిపోయిన భిల్లులకు తమ గురువు ఏ తెగవాడో తెలుసు. ఆ గురువు కూడా బయటివాడినని గుట్ట దిగిపోలేదు. ఈ సంచిక చదివే గోండు, కోయ తమ్ముళ్లెవరైనా ఉంటే, ఇది మీ కథ కూడా అని మా మనవి.

ఇప్పుడు బాంస్వాడాలో ఆయన పేరున గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. గోధ్రాలో ఇంకో విశ్వవిద్యాలయం ఉంది. గుట్టకు ఒకవైపు రాజస్థాన్, మరోవైపు గుజరాత్, రెండు ప్రభుత్వాలూ స్మారకాలు కట్టాయి. 2022 నవంబరు 1న ప్రధానమంత్రి అక్కడికి వచ్చి సభ జరిపారు. మీలో ఎవరైనా ఉదయ్‌పూర్ వైపు పోతే బాంస్వాడా మీదుగా ఆనంద్‌పురి దారిలో వెళ్లండి. వెళ్లేముందు మాకు చెబితే మాలో ఒకరిద్దరం తోడు వస్తాం.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ గుట్ట మీద భగత్‌లు ధునిని మళ్లీ వెలిగించారు. ఏటా మార్గశిర పౌర్ణమికి మేళా జరుగుతుంది. రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ మూడు వైపుల నుంచీ జనం నడిచి వస్తారు. తెల్లవాళ్ల మాట వినేది లేదని చెప్పే ఆయన భజన ఒకటి ఇప్పటికీ పాడతారు. ఒక్కొక్కరూ ముందుకు వచ్చి ఇంటి నుంచి తెచ్చిన నెయ్యి ధునిలో పోసి, కొబ్బరికాయ వేసి, వెనక ఉన్నవాళ్లకు చోటిచ్చి పక్కకు జరుగుతారు.